రెండు ఎడమ చేతులు

గోజో దీవిలో మా ఊళ్ళో
వందేళ్ళకోసారి పునీత సెరెనిల్లా బట్టలు మారుస్తారు.
ఈసారి ఆ పని నాకు పడింది,
నాకంటే బాగా లేసు అల్లే గుసెప్పినాకి చూపు పోయింది గనక.

మే నెల. రాతి గోడల సందుల్లో కేపర్ మొగ్గలు.
చర్చి వెనక గదిలో కిటికీలు మూసి
బిషప్ గారి మనిషి కుర్చీలో కూర్చున్నాడు
ఎముకలు లెక్క రాసుకుంటూ, ముక్కు తుడుచుకుంటూ.
దున్ సాల్వు లక్కముద్ర పగలగొట్టాడు.
గాజుమూత లేస్తే వచ్చింది
ధూపం కాదు, గులాబీలూ కాదు.
మా అమ్మ బీరువా అడుగు అర వాసన.

మా చెల్లెలి మొగుడు విస్తిన్
ఏడేళ్ళుగా పూజకి రాడు.
చేపల మార్కెట్ పైన మేడగదిలో
బైబిలు పట్టుకున్న పన్నెండు మందితో కూర్చుంటాడు.
"వదినా, చచ్చిన ఎముకకి పట్టు గౌనా?
బతికున్న దేవుడికి వినపడదా?" అంటాడు
మా ఇంట్లో మా సూపే తాగుతూ.

జవాబులు దున్ సాల్వు దగ్గరున్నాయి:
ఆరాధన ఒక్కడికే, వీళ్ళకి వందనం మాత్రమే, అని.
నా దగ్గరున్నది అంతకంటే చిన్నది.
పిల్లాడికి జ్వరమొస్తే గోడ తట్టి
"ఫిలుమేనా, వీడికోసం ఓ మాట చెప్పుకో" అనేదాన్ని.
దేవుడికి చెవుడని కాదు,
ఒక్కదాన్నే అడగడం చేతకాక.
మొన్న చలికాలం ఫిలుమేనా పోయింది.
గోడ కాస్త మందమైంది, అంతే.
తట్టడం మానలేదు.

పాత చేతి తొడుగులు కత్తిరించి తీశాను.
పల్చటి గుడ్డలో చుట్టిన వేళ్ళు,
ఎండిన సోంపు కాడల్లా తేలిక.
కొత్త తొడుగుల్లో
ఎడమది ఎక్కింది.
కుడిది ఎక్కలేదు.
తిప్పాను. మళ్ళీ తిప్పాను.
నలభై ఏళ్ళు పిల్లల మొదటి సత్ప్రసాదానికి తొడుగులు కుట్టినదాన్ని,
బొటనవేలు ఎటుంటుందో నాకొకరు చెప్పాలా?

రెండూ ఎడమ చేతులే.

దున్ సాల్వు చూశాడు.
కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చూశాడు.
"రోమ్ సమాధుల్లో చీకటి, జుదిత్తా," అన్నాడు,
"తవ్వినవాళ్ళకి తొందర."
కాసేపాగి,
"ఆ పేరు కూడా తవ్వాకే పెట్టారు."
ఆయన ప్రసంగాలన్నిట్లో
నేను నిద్రపోకుండా విన్నది ఇదొక్కటే.

ఆ రాత్రి లేసు కండెలు కటకటలాడిస్తూ కూర్చున్నాను.
మూడు వందల ఏళ్ళుగా ఊరంతా ఈ చేతిని అడుగుతోంది
వానలు, కానుపులు, తప్పిపోయిన పడవలు.
మా కొరకు వేడుకొనండి, మా కొరకు వేడుకొనండి.
దీని కొరకు ఎవరు వేడుకున్నారు?
పేరు లేదు, పండగ లేదు.
దొంగదై ఉండొచ్చు, రొట్టెలమ్మేదై ఉండొచ్చు.
ఎవరికో రాసిన ఉత్తరాలు తన గుమ్మంలో పడుతుంటే
విప్పలేక, వెనక్కి పంపలేక
పేర్చిపెట్టుకుంటున్న మనిషి.
మొదటిసారి ఒక ఎముకని ఏమీ అడగలేదు నేను.
దానికోసం అడిగాను.

తెల్లారాక చెత్తబుట్టలోంచి పాత తొడుగులు ఏరి చూశాను.
రెండూ ఎడమవే.
వందేళ్ళ కిందట కుట్టినావిడ ఎవరో గానీ,
కుట్టు ఎంత సన్నం!
ఎంత గట్టిగా మూసుకుంది నోరు!

విస్తిన్‌కి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను.
గెలిచానని బల్ల చరుస్తాడనుకున్నాను.
స్పూను కింద పెట్టాడు.
వాళ్ళన్న నాజరేను పడవ తిరగబడి పందొమ్మిదేళ్ళు,
పాతిపెట్టడానికి గోరైనా దొరకలేదు.
"పెద్ద చెయ్యేనా?" అన్నాడు.
"లేదు. చిన్నది."
రొట్టె తుంచి సూపులో ముంచి
నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు.

పండగనాడు గాజుపెట్టె వీధిలోకొచ్చింది,
బాండు మేళం, టపాసుల పొగ,
మణికట్ల దగ్గర నా లేసు.
వేలమంది చూశారు, ఎవరూ వేళ్ళు లెక్కపెట్టలేదు.
మార్కెట్ మెట్ల మీద విస్తిన్
టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఎండగా ఉందని తీశానన్నాడు తర్వాత.